లింక్స్ కోర్సులకి బయల్దేరే ముందు: మా స్కాట్లండ్ గోల్ఫ్ యాత్ర డైరీ

జనవరి చివర

జూన్‌లో నలుగురం కలిసి స్కాట్లండ్ వెళ్లి గోల్ఫ్ ఆడాలని ఖాయమైంది. నేను, బావ, బావ వాళ్ల తమ్ముడు, మా అందరికీ ఆట నేర్పిన సార్. సార్‌కి అరవై దాటాయి, అయినా నడకలో మా ముగ్గురినీ వెనకేస్తారు. ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి కాబట్టి ఏ పని ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాసుకుంటూ పోతాను. ఇలాంటి ప్రయాణమే అనుకుంటున్నవాళ్లకి పనికొస్తే సంతోషం.

మొదటి గొడవ ఎన్ని రౌండ్లు అన్నదాని మీద (ఒక రౌండంటే పద్దెనిమిది హోల్స్, అంటే బంతిని వేయాల్సిన గుంటలు, వరసగా ఆడటం). బావ పంపిన లిస్టులో రోజూ ఒక రౌండు ఉంది, మధ్యలో కొన్ని రోజులు రెండేసి. జూన్‌లో అక్కడ రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుందన్నది నిజమే, టైమ్ సమస్య కాదు. కాళ్లు సమస్య. లింక్స్ కోర్సుల్లో (సముద్రం పక్కన ఇసుక నేల మీది గోల్ఫ్ మైదానాలు) చాలాచోట్ల వైద్య కారణం ఉంటే తప్ప బగ్గీ (ఆటగాళ్లని తిప్పే చిన్న బండి) ఇవ్వరు, నడవాల్సిందే, ఒక రౌండంటే దాదాపు పది కిలోమీటర్లు, అదీ గాలికి ఎదురు. "బావా, రెండో రౌండు పదమూడో హోల్ దగ్గర నిన్ను ఎవరు మోస్తారు?" అంటే నవ్వేశాడు గానీ లిస్టు మాత్రం సగానికి సగం కోసేశాడు. రోజుకి ఒకటే రౌండు, మధ్యలో ఒకరోజు పూర్తి విశ్రాంతి. ఆ రోజుకి ఆదివారం సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే సెయింట్ ఆండ్రూస్ ఊళ్లోని పేరుమోసిన ఓల్డ్ కోర్సులో ఆదివారం ఆట ఉండదు, ఊళ్లోవాళ్లు కుక్కల్ని తీసుకుని దాని మీదే షికారు తిరుగుతారు. మేమూ క్లబ్బులు (ఆడే కర్రలు) లేకుండా వెళ్లి ఫెయిర్‌వేలు (గడ్డి పొట్టిగా కోసిన ఆట దారులు) నడిచి చూడొచ్చు, బంకర్లు (ఇసుక గుంటలు) ఎక్కడెక్కడ దాక్కున్నాయో ముందే తెలుస్తుంది.

మకాం ఒకేచోట, సెయింట్ ఆండ్రూస్‌లో. రోజుకో ఊరు మారితే పెట్టె సర్దడం, గోల్ఫ్ బ్యాగులు కారెక్కించడం, దించడం, గది ఇచ్చేదాకా హోటల్ లాబీలో కూర్చోవడం, వీటికే సగం రోజు పోతుంది. అక్కడ ఒక్క ట్రస్టు కిందే ఏడు పబ్లిక్ కోర్సులున్నాయి: ఓల్డ్, న్యూ, జూబ్లీ, ఈడెన్, స్ట్రాథ్‌టైరమ్, తొమ్మిది హోల్స్ ఉన్న బాల్గోవ్, 2008లో తెరిచిన కాజిల్. కారులో కాస్త దూరం పోతే క్రెయిల్, కింగ్స్‌బార్న్స్. టే నది దాటి ఇంకొంచెం వెళ్తే కార్నూస్టీ.

ఓల్డ్ కోర్సు సంగతి వేరేగా రాయాలి. అక్కడ ఆడాలంటే మామూలుగా దొరికే దారి బ్యాలెట్. ఆడదలచిన రోజుకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం 2 గంటల లోపు పేర్లు, హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే అదనపు దెబ్బల, అంటే స్ట్రోకుల, లెక్క) వివరాలు ఇవ్వాలి, కనీసం ఇద్దరు, ఎక్కువలో ఎక్కువ నలుగురు ఒక గ్రూపు. తర్వాత లాటరీ తీస్తారు. అంటే సోమవారం ఆడాలంటే శనివారమే పేరు ఇవ్వాలి. ఒంటరిగా వచ్చేవాళ్లకి 2024 నుంచి వేరే డ్రా పెట్టారు, అంతకుముందు తెల్లవారకముందే వెళ్లి క్యూలో నిలబడేవాళ్లు. డ్రాలో పేరు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. అందుకని నా పద్ధతి ఇది: మిగతా కోర్సుల టీ టైమ్‌లన్నీ (ఆట మొదలుపెట్టే సమయాలు) ఇప్పుడే డబ్బు కట్టి ఖాయం చేసుకోవాలి, వాటిని వీలైనంత వరకు మధ్యాహ్నాలకి పెట్టుకోవాలి, ఉన్నన్ని రోజులూ బ్యాలెట్ వేస్తూనే ఉండాలి. డ్రా తగిలితే ఆ రోజు బుకింగ్ సర్దుకోవడమో వదులుకోవడమో చూస్తాం. తగలకపోయినా ట్రిప్పు ట్రిప్పే. ఓల్డ్ కోర్సు ఒక్కదాని కోసమే వెళ్తున్నాం అనుకుంటే మాత్రం వారమంతా ఫోన్ చూసుకుంటూ ఏడవాల్సి వస్తుంది. ఇది బావకి గట్టిగానే చెప్పాను.

ఫిబ్రవరి

హ్యాండిక్యాప్ పని. ఇది కాగితం పనే కదా అని అందరూ వాయిదా వేస్తారు, నిజానికి అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాల్సింది ఇదే, ఎందుకంటే దీనికి రౌండ్లు ఆడి స్కోర్లు ఎక్కించాలి, డబ్బు పారేస్తే ఒక్కరోజులో వచ్చేది కాదు. 2020 నుంచి వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ వచ్చింది కాబట్టి లెక్క అన్ని దేశాల్లో ఒకటే. కొత్తగా ఇండెక్స్ (హ్యాండిక్యాప్ అంకె) కావాలంటే కనీసం 54 హోల్స్ స్కోర్లు కావాలి, పూర్తిస్థాయి రికార్డు ఉన్నవాళ్లకి చివరి 20 స్కోర్లలో మంచివి 8 తీసుకుని సగటు కడతారు, గరిష్ఠం 54. బావ వాళ్ల తమ్ముడు ఇన్నాళ్లూ సరదాగా ఆడటమే తప్ప ఒక్క స్కోరు కార్డు కూడా సంతకం పెట్టించి ఇచ్చింది లేదు. ఇప్పుడు ప్రతి వారాంతం వాడి వెంట మార్కర్‌గా (స్కోరు రాసి సంతకం పెట్టేవాడిగా) తిరుగుతున్నాను.

ఇండెక్స్ వచ్చాక ఆగదు, ఏ కోర్సుకి ఎన్ని స్ట్రోకులు వస్తాయో కట్టుకోవాలి. ఇండెక్స్‌ని కోర్సు స్లోప్‌తో (మామూలు ఆటగాడికి అది ఎంత కష్టమో చెప్పే అంకె) గుణించి 113తో భాగించి, దానికి కోర్సు రేటింగ్‌లోంచి (మంచి ఆటగాడికి పట్టే స్ట్రోకులు) పార్ (కోర్సుకి నిర్ణయించిన స్ట్రోకులు) తీసేయగా మిగిలింది కలపాలి. ఉదాహరణకి ఇండెక్స్ 18, స్లోప్ 132, రేటింగ్ 73.1, పార్ 72 అనుకుందాం. 18ని 132తో గుణించి 113తో భాగిస్తే 21 చిల్లర, దానికి 1.1 కలిపితే 22. సొంత కోర్సులో 18 అనుకునే మనిషికి అక్కడ నాలుగు స్ట్రోకులు ఎక్కువ వస్తున్నాయంటే కోర్సు అంత గట్టిదని అర్థం. సార్ దీన్ని చూసి "ఏ టీ నుంచి కొట్టాలో ఈ లెక్కే చెబుతుంది, మీ పౌరుషం కాదు" అన్నారు. నలుగురం పసుపు టీలే (టీ అంటే మొదటి షాట్ కొట్టే చోటు, రంగుని బట్టి దూరం మారుతుంది) అని అప్పుడే తేల్చేశాం. అక్కడ చాలా కోర్సుల్లో విజిటర్లని మామూలుగా ఆడించేదీ వాటి నుంచే.

మా నలుగురి మధ్య పోటీకి స్టేబుల్‌ఫోర్డ్ పాయింట్లు, అంటే మొత్తం స్ట్రోకులు కాకుండా ఒక్కో హోల్‌కి వచ్చిన పాయింట్లు లెక్కేసే పద్ధతి. ఒక హోల్ పాడైతే బంతి ఎత్తుకుని ముందుకి పోవచ్చు, ఆట సాగుతుంది, వెనకవాళ్లు తిట్టరు.

మార్చి

ఇప్పుడు అసలు పని, ప్రాక్టీసు. నేను చూసినంతలో ఇలాంటి ట్రిప్పులకి వెళ్లేవాళ్లలో చాలామంది కొత్త డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్బు) కొంటారు, కొత్త బ్యాగు కొంటారు, ఆటలో ఏమీ మార్చుకోరు. అక్కడ నేల ఇసుక నేల, గడ్డి సన్నటి ఫెస్క్యూ, నేల గట్టిగా ఉంటుంది, బంతి పడ్డాక దొర్లుతుంది. సముద్రం పక్కన కాబట్టి గాలి అడ్డు లేకుండా కొడుతుంది. గాల్లోకి ఎత్తి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద దింపి ఆపేద్దాం అనుకునే మన అలవాటు అక్కడ సగం సార్లు పనిచేయదు. కాబట్టి మా సన్నాహంలో పెద్ద భాగం ఒకటే: బంతిని కిందుగా పంపడం, దొర్లించడం.

సార్ పెట్టిన డ్రిల్ రాస్తాను. 7 ఐరన్ (ఇనుప తల క్లబ్బు, అంకె పెరిగేకొద్దీ బంతి ఎత్తుగా, తక్కువ దూరం పోతుంది) తీసుకుని, కొంచెం కిందకి పట్టుకుని, బంతిని వెనక పాదం వైపు జరిపి, బరువు ముందు కాలి మీద ఉంచి, ముప్పావు స్వింగ్, ఫాలోత్రూ ఛాతీ ఎత్తులోనే ఆపేయాలి. చూడ్డానికి సులువు. ఎదురుగాలిలో మాత్రం ఒళ్లు దానంతట అదే గట్టిగా కొట్టాలనుకుంటుంది, గట్టిగా కొడితే బంతికి స్పిన్ పెరుగుతుంది, స్పిన్ పెరిగితే బంతి పైకి లేస్తుంది, పైకి లేచిందా ఇక గాలి దాన్ని మన దగ్గరికే తెచ్చి పడేస్తుంది. పెద్ద క్లబ్బు, మెల్లటి స్వింగ్. 9 ఐరన్ దూరానికి 7, అవసరమైతే 6. బావకి ఇది అహం దెబ్బతినే విషయం, "నేను ఈ దూరం వెడ్జ్‌తో కొడతాను" అంటూనే ఉంటాడు. గాలి ఉన్న రోజు చూసి ప్రాక్టీసు రేంజ్‌కి తీసుకెళ్లాం, వెడ్జ్‌తో (దగ్గరి దూరానికి బంతిని ఎత్తి కొట్టే క్లబ్బు) నాలుగు కొట్టాక మారు మాట్లాడకుండా 7 ఐరన్ తీశాడు.

రెండోది గ్రీన్ బయటి నుంచి పటర్ (బంతిని దొర్లించే క్లబ్బు). పది గజాలు బయట ఉన్నా, మధ్యలో చిన్న ఎత్తుపల్లాలున్నా, గడ్డి పొట్టిగా ఉంటే పటరే. చాలామందికి ఇది చేతగానితనంలా అనిపిస్తుంది, అక్కడివాళ్లకి ఇది మామూలు షాట్. ఓల్డ్ కోర్సులో పద్నాలుగు హోల్స్‌కి కలిపి ఏడు జంట గ్రీన్లున్నాయి, ఒక్కో గ్రీన్‌ని రెండు హోల్స్ పంచుకుంటాయి, కాబట్టి గ్రీన్ మీదే ఉండి కూడా జెండాకి ఒక మైదానమంత దూరంలో ఉండొచ్చు. అందుకే పొడవాటి పుట్‌లు విడిగా ప్రాక్టీసు చేస్తున్నాం, హోల్లో వేయడానికి కాదు, మూడడుగుల లోపు ఆపడానికి.

మూడోది గుంట బంకర్లు. లోతుగా ఉంటాయి, గోడ నిటారుగా ఉంటుంది, బంతి గోడకి ఆనుకుని ఉంటే ముందుకి కొట్టాలన్న ఆలోచన మానేసి పక్కకో వెనక్కో తీయడమే. అది కూడా కుదరకపోతే అన్‌ప్లేయబుల్ (ఆడలేని బంతి) అని ప్రకటించొచ్చు, 2019 రూల్స్ ప్రకారం రెండు పెనాల్టీ స్ట్రోకులు వేసుకుని బంకర్ బయట వెనక లైన్లో డ్రాప్ చేసుకునే వీలుంది. ఈ రూల్ తెలియక ఇసుకలో ఏడెనిమిది కొట్టేవాళ్లున్నారు.

రూల్స్ దగ్గరికి వచ్చాం కాబట్టి ఇంకో రెండు. బంతి వెతకడానికి మూడు నిమిషాలే, ఒకప్పుడు ఐదు ఉండేది. అక్కడ గోర్స్ అని పసుపు పూల ముళ్ల పొద ఉంటుంది, అందులోకి పోయిందంటే చెయ్యి పెట్టకుండా ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే లెక్కకి వచ్చే రెండో బంతి) కొట్టేయడం మంచిది. రెండోది గాలికి సంబంధించింది: గ్రీన్ మీద బంతి ఎత్తి, తిరిగి దాని చోట పెట్టాక గాలికి కదిలితే, పెనాల్టీ లేకుండా మళ్లీ పాత చోటే పెట్టాలి. ఎత్తకముందే గాలికి కదిలితే మాత్రం కొత్త చోటి నుంచే ఆడాలి. మా నలుగురిలో ముగ్గురికి ఈ తేడా తెలియదు.

కార్నూస్టీ పద్దెనిమిదో హోల్ గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నాం. 1999లో అక్కడ జరిగిన ఓపెన్ గోల్ఫ్ పోటీలో జాన్ వాన్ డి వెల్డే చివరి హోల్‌కి మూడు షాట్ల ఆధిక్యంతో వచ్చి, బ్యారీ బర్న్ వాగులోకి కొట్టి, ఆ హోల్‌కి ఏడు స్ట్రోకులు తీసుకుని, ప్లేఆఫ్‌లో పాల్ లారీ చేతిలో ఓడిపోయాడు. వాగు ముందు ఆగిపోయే షాట్‌ని నేను లెక్కలో రాసి పెట్టుకున్నాను. బావ "దాటించేస్తా" అంటున్నాడు. చూద్దాం.

ఏప్రిల్

వీసా. ప్రయాణానికి 3 నెలల ముందు నుంచే అప్లై చేయడానికి వీలు, మాకు జూన్ కాబట్టి మార్చిలోనే వేలిముద్రలు అయిపోయాయి. వేసవి ముందు రద్దీ ఉంటుందని ఆగలేదు. వీసాలు వచ్చేశాయి. ఇంతకంటే రాయడానికి లేదు.

ఇన్సూరెన్స్ మాత్రం చదవాలి, అదీ చిన్న అక్షరాలు. మామూలు ప్రయాణ పాలసీలో సామానుకి మొత్తం మీద ఒక పరిమితి, ఒక్కో వస్తువుకి ఇంకో పరిమితి ఉంటాయి. పద్నాలుగు క్లబ్బులున్న సెట్టుని కొందరు ఒకే వస్తువుగా లెక్కేస్తారు, అప్పుడు వచ్చేది డ్రైవర్ ఖర్చుకి కూడా చాలదు. గోల్ఫ్ కవర్ విడిగా జత చేయించాను. అందులో నాకు ముఖ్యం అనిపించినవి సామాను ఆలస్యమైతే అద్దె క్లబ్బుల ఖర్చు, మన బంతి తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత. ఓల్డ్ కోర్సులో మొదటి హోల్‌కీ పద్దెనిమిదో హోల్‌కీ అడ్డంగా ఊరి రోడ్డు పోతుంది, జనం దాటుతుంటారు, కాబట్టి ఈ రెండోది మాటవరసకి కాదు.

కారు. నలుగురు మనుషులు, నాలుగు గోల్ఫ్ బ్యాగులు, నాలుగు పెట్టెలు, ఏ ఐదు సీట్ల కారులోనూ పట్టవు. తొమ్మిది సీట్ల వ్యాన్ తీసుకుని వెనక వరస మడిచేయడమే దారి. రైల్లో వెళ్దామన్న ఆలోచన కూడా వచ్చింది, సెయింట్ ఆండ్రూస్‌కి స్టేషన్ లేదు, దగ్గరిది లూకర్స్, అక్కణ్నుంచి బస్సు. సామాను చూసి వద్దనుకున్నాం. ఒక విషయం గట్టిగా రాసుకున్నాను: స్కాట్లండ్‌లో తాగి నడిపే పరిమితి 2014 చివర్లో తగ్గించారు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములే, ఇంగ్లండ్‌లో 80. రౌండ్ అయ్యాక క్లబ్‌హౌస్‌లో ఒక్క గ్లాసే కదా అనే లెక్క వద్దు. డ్రైవింగ్ నాది, సోడా నాది.

మే

సంచి సర్దడం. ఇది ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. నేను తూకం దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటి తూచాను.

క్లబ్బులు దాదాపు ఆరు కిలోలు. తేలికైన స్టాండ్ బ్యాగు రెండు కిలోల చిల్లర. మెత్తటి ట్రావెల్ కవర్ మూడున్నర. గట్టి పెట్టె అయితే క్లబ్బులకి భద్రత ఎక్కువే, కానీ బరువూ ఎక్కువ, వ్యాన్‌లో మడవడానికీ వీలుండదు. మెత్తటి కవర్ అయితే లోపల స్టిఫ్ ఆర్మ్ ఉండాలి, అంటే డ్రైవర్ కంటే కాస్త పొడవుగా సర్దుకునే ఊతకర్ర. బ్యాగు తలకిందులుగా పడితే దెబ్బ దాని మీద పడుతుంది, క్లబ్బు మీద కాదు. డ్రైవర్ తల విప్పి, సాక్సులో చుట్టి, బూట్ల మధ్య పెట్టాను. రెంచ్ మర్చిపోతే అక్కడ తల బిగించడానికి ఏమీ ఉండదు, అందుకే దాన్ని బ్యాగు జేబుకే తాడుతో కట్టేశాను. ఐరన్ల మధ్య తువ్వాళ్లు కుక్కితే చప్పుడూ ఉండదు, తువ్వాళ్లు ఎలాగూ కావాలి.

బంతి బరువు రూల్ ప్రకారం 45.93 గ్రాములు మించకూడదు, డజనుకి అరకిలో పైమాట. బావ వాళ్ల తమ్ముడు ఐదు డజన్లు తెస్తానన్నాడు. రెండు చాలు అన్నాను, అయిపోతే గోల్ఫ్ పుట్టినింట్లో బంతులు దొరకవా.

బట్టలు, బూట్లు, వాన సూటు అన్నీ కలిపి గోల్ఫ్ సంచి 23 కిలోల లోపే ఆపాలి, 32 దాటితే అసలు తీసుకోరు. ఎయిర్‌లైన్స్‌లో కొన్ని గోల్ఫ్ సంచిని మామూలు సామానుగా లెక్కేస్తాయి, కొన్ని విడిగా బుక్ చేయమంటాయి, కాబట్టి టిక్కెట్టుతో పాటే రాతపూర్వకంగా అడిగి పెట్టుకున్నాను. బూట్లు ఒక జత కాళ్లకి, ఒక జత సంచిలో. రెండు జతలూ ఇప్పటికే తొడిగి తిరుగుతున్నాం, కొత్త బూట్లతో పది కిలోమీటర్లు నడిస్తే మడమ మాట్లాడుతుంది.

రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం), పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు చేతి సామానులోనే. 100 వాట్ అవర్లు దాటకపోతే ఇబ్బంది లేదు, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 దగ్గర వస్తుంది. రేంజ్‌ఫైండర్ గజాల్లోకి మార్చాను, అక్కడి స్కోరు కార్డులు గజాల్లోనే ఉంటాయి. ఒక పోలో, ఒక ప్యాంటు, ఒక గ్లవ్ కూడా చేతి సామానులోనే, సంచి ఒకరోజు ఆలస్యమైనా అద్దె క్లబ్బులతో ఆడేయొచ్చు. జీన్స్ వద్దు, చాలా క్లబ్బుల్లో కోర్సు మీదకి రానివ్వరు.

సార్ సలహా మీద వాన గ్లవ్స్ రెండు చేతులకీ కొన్నాం. అవి తడిస్తేనే పట్టు బాగా వస్తుంది. గొడుగు మాత్రం సార్ వద్దన్నారు, సముద్రపు గాలిలో గొడుగుతో కుస్తీ పట్టడమే ఆట అయిపోతుంది. ఉన్ని టోపీ ఒకటి. జూన్ అయినా మధ్యాహ్నం 17 డిగ్రీల దగ్గరే ఉంటుంది, గాలితో ఇంకా చల్లగా అనిపిస్తుంది, చల్లగాలిలో బంతి కూడా తక్కువ దూరం పోతుంది. ఒక మందపాటి జాకెట్ కంటే మూడు పల్చటి పొరలు నయం, స్వింగ్‌కి అడ్డు రావు.

వెడ్జ్‌ల్లో ఒక మార్పు చేశాను. గట్టి నేల మీద బౌన్స్ (క్లబ్బు అడుగున ఉండే ఉబ్బు) ఎక్కువున్న వెడ్జ్ ఎగిరి బంతి నడుముకి తగులుతుంది. 58 డిగ్రీల ఎక్కువ బౌన్స్ వెడ్జ్ ఇంట్లో వదిలి, తక్కువ బౌన్స్ 56 పెట్టుకున్నాను. పద్నాలుగు క్లబ్బుల పరిమితిలో మిగిలిన చోటులో డ్రైవింగ్ ఐరన్ (బంతిని కిందుగా దూరం పంపే ఐరన్). ఈ మొత్తం తయారీలో క్లబ్బుల్లో కొన్నదంటూ ఉంటే ఇది ఒక్కటే, అదీ పాతది.

జూన్ మొదటి వారం

కాళ్లకి సన్నాహం అయింది. నెల రోజులుగా ట్రాలీ లేకుండా బ్యాగు భుజాన వేసుకుని ఆడుతున్నాం. బావకి మొదట్లో నడుము పట్టేసింది, బ్యాగులోంచి అక్కర్లేని చెత్త తీసేశాక పోయింది. ఓల్డ్ కోర్సు డ్రా తగిలితే మాత్రం కేడీని (బ్యాగు మోస్తూ దారి చెప్పే మనిషి) పెట్టుకుంటాం. మొదటిసారి ఆడేవాడికి అక్కడ ఏ దిక్కుకి కొట్టాలో కళ్లకి కనబడదు, చాలా బంకర్లు టీ నుంచి దాక్కునే ఉంటాయి. కేడీకి డబ్బు నగదుగా చేతికివ్వాలి, దానికి వేరే కవర్లో పౌండ్లు పెట్టాను. అక్కడ మూడు స్కాటిష్ బ్యాంకులు వాటి సొంత నోట్లు అచ్చేస్తాయి, తిరుగు ప్రయాణానికి ముందే అవి ఖర్చు చేసేయాలి, బయట మార్చుకోవడం ఇబ్బంది.

హ్యాండిక్యాప్ సర్టిఫికెట్లు నలుగురివీ ప్రింట్ తీసి రెండు సెట్లు చేశాను, ఫోన్లో ఫోటోలు కూడా ఉన్నాయి. బావ వాళ్ల తమ్ముడికి 27.4 వచ్చింది. వాడు పేరు పక్కన అంకె చూసుకుని మురిసిపోతున్నాడు.

మిగిలినవి: వ్యాన్ ఎక్సెస్ (వ్యాన్‌కి దెబ్బ తగిలితే మనం కట్టాల్సిన వాటా) ఇన్సూరెన్స్, కార్నూస్టీ టీ టైమ్ కన్ఫర్మేషన్ ప్రింటు, సార్ కళ్లజోడుకి స్పేర్. బ్యాలెట్‌కి మొదటి ప్రయత్నం సోమవారం ఆటకి. అంటే శనివారం మధ్యాహ్నం 2 లోపు, అక్కడి టైమ్. ఆ సమయానికి మేం ఎయిర్‌పోర్ట్ నుంచి దారిలో ఉంటాం కాబట్టి బావ ఫోన్లో రిమైండర్ పెట్టాడు, నేనూ పెట్టాను. సార్ "మీ ఇద్దరినీ నమ్మను" అని ఆయన ఫోన్లోనూ పెట్టుకున్నారు.